అల్ ఖ్వారిజ్మీ నుండి తాబేలు బొమ్మ దాకా

ఈ మధ్య మన సంఘ సభ్యులు కలిసినప్పుడల్లా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే. "మాస్టర్ సాబ్, పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఉర్దూ మీడియం పిల్లలకు అది వస్తుందా?" దీనికి జవాబు చరిత్రలోనే ఉన్నదని మా అభిప్రాయం.

క్రీ.శ. 9వ శతాబ్దపు బాగ్దాద్ నగరాన్ని ఒకసారి తలచుకుందాం. ఖలీఫా అల్ మామూన్ (813–833) కాలంలో అక్కడి బైతుల్ హిక్మాలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ అనే గణిత పండితుడు ఉండేవారు. భారతీయుల అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని వివరిస్తూ ఆయన ఒక గ్రంథం వ్రాశారు. అది లాటిన్ లోకి వెళ్ళినప్పుడు ఆయన పేరు 'అల్గోరిత్మి' అయింది. నేడు ప్రోగ్రామింగ్ చేసేవారంతా పలికే 'అల్గోరిథమ్' అనే మాట ఆయన పేరు నుండి పుట్టినదే. ఆల్జీబ్రాకు పేరునిచ్చిన ఆయన మరో గ్రంథంలో పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలే. ఇంట్లో ఎవరికెంత రావాలనే సమస్యను, ఎవరు చేసినా ఒకే జవాబు వచ్చేటట్లు, మెట్లు మెట్లుగా విడదీసి చెప్పారన్నమాట. ప్రోగ్రామ్ అన్నా అంతే.

ఈ సంగతి మన పిల్లలకు కొత్తది కాదు. వజూ చేయడం ఏడేళ్ళ పిల్లవాడికీ తెలుసు. ముందు చేతులు, చివర పాదాలు: అది వరుస. కడిగేవి మూడేసి సార్లు, తలపై మసహ్ ఒక్కసారే: అది పునరావృతి. నీళ్ళు దొరక్కపోతే తయమ్ముమ్: అది షరతు. ఏ ప్రోగ్రామ్ అయినా ఈ మూడింటి మీదే నడుస్తుంది. ఇబాదత్ ను యంత్రంతో పోల్చడం మా ఉద్దేశం కాదు. క్రమమనేది మన పిల్లలకు ముందే అలవాటైనదని చెప్పడమే.

1843లో ఆడా లవ్‌లేస్ అనే ఆంగ్ల మహిళ, చార్లెస్ బాబేజ్ ఊహించిన యంత్రం తయారు కాకముందే, అది ఒక కష్టమైన లెక్కను చేయవలసిన తీరును కాగితం మీద మెట్లుగా వ్రాసింది. మొదటి ప్రోగ్రామ్ అదేనని చాలామంది అంటారు. ఆడపిల్లకు ఇదెందుకు అనేవారూ, ఇంట్లో కంప్యూటర్ లేదే అని దిగులుపడేవారూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే అధ్యాపకులు, లెక్కల విద్యార్థులు కానివారికి కూడా అందాలని 'బేసిక్' భాషను తయారుచేశారు. 1967లో సీమూర్ పాపర్ట్, వాలీ ఫోర్జైగ్, సింథియా సాలమన్ పిల్లల కోసమే 'లోగో' భాషను తెచ్చారు. తరువాత అందులో ఒక తాబేలు వచ్చి చేరింది. 100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి, ఇలా నాలుగుసార్లు అంటే చతురస్రం గీస్తుంది. మూడుసార్లే అంటే ఒక పక్క తెరిచే ఉంటుంది. అప్పుడు పిల్లవాడు తన తప్పు తానే చూసి దిద్దుకుంటాడు. తప్పు అంటే సిగ్గుపడేది కాదు, వెతికి సరిచేసేది అని పాపర్ట్ బోధించారు.

మా చిన్నతనంలో ఒక బడిలో కంప్యూటర్ కు గుడ్డ కప్పి ఉంచేవారు. చెప్పులు విప్పి వరుసగా వెళ్ళి చూసి రావడమే, తాకనిచ్చేవారు కాదు. పాడైపోతుందేమోనన్న ఆ భయం మమ్మల్ని చాలా ఏళ్ళు వదల్లేదు. మన పిల్లలకు ఆ భయం అంటించవద్దు.

కనుక ముందు కాగితం తీసుకోండి. చాయ్ కాచే పద్ధతిని పిల్లల చేత ఉర్దూలోనో తెలుగులోనో మెట్లుగా వ్రాయించండి. వ్రాసింది వ్రాసినట్లే మీరు చేయండి. పొయ్యి వెలిగించమని వ్రాయకపోతే వెలిగించకండి. నవ్వుకుంటారు, మళ్ళీ దిద్దుతారు. తరువాత వాకిట్లో ఒకరు తాబేలై నడవాలి, ఇంకొకరు ఆజ్ఞలివ్వాలి. ఆ పైన 2007లో వచ్చిన 'స్క్రాచ్' ఉన్నది. ఆజ్ఞలను ముక్కలుగా పేర్చుకోవచ్చు, రుసుము లేదు. ఇంగ్లీషు మాటలు పని మధ్యలో ఒక్కొక్కటే వస్తాయి, వాటి కోసం ఆగనక్కరలేదు.

మన సంఘం వేసవి సెలవుల్లో ఒక్క గది, ఒక్క కంప్యూటర్ ఏర్పాటు చేస్తే, సాయంత్రం ఒక గంట వచ్చి పిల్లలతో కూర్చోవడానికి మేము సిద్ధం. అల్లాహ్ మన బిడ్డలకు మేలు చేసే ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.