పెరటితోటయు గృహపక్షులును

మంజీరానది కడ్డముగా 1923వ సంవత్సరమున నారంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరమువలన నిందూరుసీమ మాగాణమైనది. ఆ సీమయందలి యూళ్ళలో మోస్రా యొకటి. పూర్వము వర్ని మండలములో జేరియుండి, యిపుడు తానే మండలస్థాన మైనది. బోధనుచెంత శక్కరునగరమున 1937లో వెలసిన చక్కెరకర్మాగారము 2015వ సంవత్సరాంతమున మూతపడునందాక నీ ప్రాంతపు చెఱకున కదియే గమ్యస్థానము. చెఱకును గూర్చియు, కాలువలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది. ఇంటివెనుక నానిగపుపాదుక్రింద మేయు కోళ్ళను గూర్చియు, చూరుక్రింద గూడుకట్టిన పావురములను గూర్చియు వ్రాసినవా రరుదు. అది గ్రంథమున కెక్కదగని విషయ మని కొందఱి తలంపు గాబోలు. మన శాస్త్రకారుల కట్టి తలంపు లేదు.

వాత్స్యాయనుని కామసూత్రములందు భార్యాధికారిక మను చతుర్థాధికరణమున గృహిణి చేయదగిన పనులు చెప్పబడినవి. శుభ్రపఱచిన తావులయం దామె యాకుకూరల మడులు గట్టింపవలెను. చెఱకుదుబ్బులు, జీలకఱ్ఱ, ఆవాలు, వాము మున్నగువానిని నాటింపవలెను. ఆ యధ్యాయముననే పొట్టేళ్ళు, కోళ్ళు, లావుకపిట్టలు, చిలుకలు, గోరువంకలు, కోకిలలు, నెమళ్ళు మొదలగువాని బాగోగు లరయుటయు నామె పనిగా జెప్పబడినది. చెఱకును కోడియు నొక్క పెరటిలో నొక్క యిల్లాలి చేతిక్రింద నుండుట బోధనుసీమవారికి వింతగా దోపదు. పావుర మా పట్టికలో గానరాదు. కాని యమరసింహుడు పురవర్గమున గపోతపాలిక యనియు, విటంక మనియు బావురములగూటికి బేళ్ళు సెప్పుటచే, భవనాంగముగా దానికొక చోటుండె నని స్పష్టము.

ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితయందు వృక్షాయుర్వేదాధ్యాయమును గలదు, కుక్కుటలక్షణాధ్యాయమును గలదు. చక్కని ఈకలును వ్రేళ్ళును గలిగి, ముఖము, గోళ్ళు, చూడ రాగివన్నె దేఱి, తెల్లని దేహముతో వేకువను మధురముగా గూయు కోడి రాజునకును, రాష్ట్రమునకును, గుఱ్ఱములకును వృద్ధి నిచ్చు నట! గుఱ్ఱములతో గోడికి బనియేమో యాచార్యునికే తెలియవలెను. వృక్షాయుర్వేదమున మాత్ర మాతడు మేకల గొఱ్ఱెల పెంటికలను నువ్వులు మున్నగువానితో నీటియం దేడురాత్రులు నానవైచి చెట్లకు బోయ జెప్పినాడు. పక్షుల రెట్టయు నట్టి యెరువే. కోళ్ళ రెట్టయందు బసులపేడకంటె నత్రజని యధికము. పచ్చిదానిని మొదట వేసినచో వేళ్ళు మాడును; కుప్పవోసి చివుకనిచ్చి వేసినచో బాదులకు బలమగును. పారసీకదేశమున నిస్ఫహానునగర ప్రాంతమందు బావురములకై పెద్దపెద్ద బురుజులు గట్టి, యందు జేరిన రెట్టను ఖర్బూజాతోటలకు వాడెడివారు. ఆ బురుజులు కొన్ని నేటికిని నిలిచియున్నవి.

ఇక వైయాకరణులు. హ్రస్వదీర్ఘప్లుతములను నిర్వచింపబోయి పాణిని యకారమును విడిచి యుకారమును గ్రహించుట కోడికూతయందా మూడుమాత్రలును గ్రమముగా వినబడుటచేతనే యని సంప్రదాయజ్ఞులు సెప్పుదురు. కోడి యెగిరి వ్రాలునంత మేర నేలనే చూచుచు నడచు భిక్షువునకు గౌక్కుటికు డని పేరు. దానికి బాణిని ప్రత్యేకముగా సూత్రమే చేసినాడు. గ్రామ్యకుక్కుట మభక్ష్య మనినచో నారణ్యకుక్కుటము భక్ష్య మని యర్థాత్సిద్ధ మగు నని మహాభాష్యకారుడు పస్పశయం దుదాహరించెను. ఆయన యెత్తుకొన్నది శబ్దాపశబ్దవిచారము. అయినను జరిత్రకారునికి దానివలన లాభము గలదు. క్రీస్తునకు బూర్వము రెండవ శతాబ్దినాటికే యూరికోడియు నడవికోడియు వేఱని లోకప్రసిద్ధ మన్నమాట. పావురమును శాస్త్రము విడువలేదు. ముసలివియు, వయసువియు, పిల్లలును నగు కపోతములు కళ్ళమున నొక్కుమ్మడి వ్రాలు తీరు ఖలేకపోతన్యాయ మైనది. వరికోతల వేళ వర్ని, మోస్రా కళ్ళములకడ నిలిచినవానికి దీనికి టీక యక్కఱలేదు.

పావురశబ్దము పారావతశబ్దభవము. పారువ మను రూపాంతర ముండుటచే, రవర్ణవవర్ణములు తావులు మారి పావుర మైన దని తెలియుచున్నది. కౌటిల్యు డర్థశాస్త్రమున ముద్రాయుక్తములైన గృహకపోతములచే వార్త లంపవలె నన్నాడు. అక్బరు కొలువున నిరువదివేలకు మించిన పావురము లుండె నని యబుల్ ఫజలు ఐనె అక్బరీయందు వ్రాసెను; లక్కా, లోటను, శీరాజీ మొదలగు జాతుల బేర్కొనెను. భాగ్యనగరమున హుసేనీఆలం వాడయందలి కబూతరుఖానా యా వేడుకకే గుఱుతు.

ఈ కథలో దెలుగునేలకు సంబంధించిన ఘట్టము వేఱొకటి గలదు. 1845లో నమరావతి శిలలను ద్రవ్వించిన వాల్టర్ ఎలియట్ దొరయే డార్విను పండితునికి హిందూదేశపు బావురముల చర్మములను బంపినవాడు. 1859లో వెలువడిన జీవజాతుల యుత్పత్తి గ్రంథమున డార్విను దానికి గృతజ్ఞత దెలిపినాడు. సయ్యద్ మహమ్మద్ ముసారీ పారసీకమున వ్రాసిన కపోతగ్రంథము సైత మెలియట్ సాయముననే యాంగ్లములోనికి మాఱి డార్విను చేతికి జేరెను. పెంపుడు పావురము లన్నియు గొండపావుర మను నొక్క జాతినుండియే పుట్టిన వని యాతడు నిరూపించుట కీ సామగ్రి తోడ్పడెను. శిలలను బట్టి యెలియట్టును స్మరించు మన చరిత్రకారులు పక్షులను బట్టి స్మరింపకుండుట వారి లోపమే.

బాంటము కోడి పేరు జావాద్వీపమందలి బాంటెను రేవునుబట్టి వచ్చినది. 1611లో నాంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పి తెలుగుసాలెల బట్టలను నా రేవునకే యెగుమతిచేసిరి. కోడి పుట్టుక గూడ నా తూర్పుదిక్కుననే. 2022లో బ్రకటితమైన పరిశోధననుబట్టి, నిస్సంశయముగా బెంపుడుకోళ్ళవే యనదగిన ప్రాచీనతమాస్థికలు థాయిదేశమున బాన్ నాన్ వాట్ అను చోట దొరకినవి, అవి క్రీ. పూ. 1650-1250 నడిమివి. వరి, కొఱ్ఱ పండించు చేలలోని గింజల కాసపడి యడవికోడి యూరు సేరిన దని యా పరిశోధకుల యభిప్రాయము. కోడిని మనుష్యుడు తెచ్చుటకంటె గోడియే పైరును వెదకికొనుచు వచ్చె ననుట సమంజసముగా నున్నది. పెరటిలో నేడును దాని నడవడి యదియే. చెదలను బురుగులను దినును, లేతనారును గెలికివేయును. కావుననే మడికి గంచె, కోడికి గంప.

తెలుగుకవులు కోడిని జులుకన చేయలేదు. కేతన దశకుమారచరిత్రయందును, క్రీడాభిరామమందును గోడిపోరు గలదు. పల్నాటికథ కదియే మలుపు. 1960 నాటి జంతుహింసానివారణశాసనము పందెముల నిషేధించుట న్యాయమే. కాని పందెముతోపాటు పలుకుబడి పోరాదు. సంస్కృతమున గోడికి దామ్రచూడ మని సిగనుబట్టియు, కృకవాకు వని కంఠమునుబట్టియు, చరణాయుధ మని కాలినిబట్టియు బేళ్ళు. తెలుగువాడు వన్నెనుబట్టి పిలిచినాడు: ఎఱ్ఱనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు, పిదప నెమలి, పర్ల, సవల, మైల, కౌజు.