అగరువత్తి గుణపరీక్ష

రాజకోశమున చేర్పదగిన వస్తువులను పరీక్షించు విధమును అర్థశాస్త్రమున వివరించుచు కౌటిల్యుడు, ముత్యముల సరసను వజ్రముల సరసను అగరునకు గూడ స్థానమిచ్చి దాని గుణములను పేర్కొన్నాడు. అది బరువై, జిడ్డుగలదై యుండవలెను, వాసన మృదువై దవ్వులకు ప్రాకవలెను, నిప్పునకు తాళవలెను, పొగ కలత పెట్టరాదు, కాలుచున్నంతసేపును వాసన ఒక్కతీరుగ నుండవలెను, రాచినను చెడరాదు. అగరు సామాన్యుల కందని ధర పలికి, వత్తికి తన పేరు మాత్రమే మిగిల్చి పోయినను, ఈ లక్షణములు నేటికిని ప్రతి వత్తికిని వర్తించునని నా నమ్మకము.

వత్తి రూపము మిక్కిలి ప్రాచీనము. చరకసంహిత సూత్రస్థానమున ధూమపానవిధిని చెప్పుచోట, ఏలకులు, వట్టివేరు, చందనము, జటామాంసి, గుగ్గులు, అగరు మొదలగువానిని మెత్తగా నూరి, రెల్లుపుల్లకు పట్టించి, యవగింజవలె నడుమ లావుగా, బొటనవ్రేలి మందమున, ఎనిమిది అంగుళముల పొడవున వర్తిని చేసి, ఎండిన పిమ్మట లోని పుల్లను లాగివేయవలెనని యున్నది. అది గొట్టమునకు తొడిగి పీల్చెడి మందు. మన పూజామందిరపు వత్తిలో పుల్ల లోపలనే నిలిచినది.

ఇక పరిమళమును కూర్చు శాస్త్రమునకు గంధయుక్తి యని పేరు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు, గ్రహచారమును వర్షలక్షణమును చెప్పిన బృహత్సంహితలోనే దీనికొక అధ్యాయము కేటాయించినాడు. అందు పదునారు ద్రవ్యములను గ్రహించి, వానిలో నాలుగేసి చొప్పున ఏరుకొనుటకు 1820 విధములు కలవని లెక్కగట్టి, పాళ్ళు మార్చినకొలది సుగంధముల సంఖ్య 1,74,720 వరకు పెరుగునని చూపినాడు. ఆ పదునారును దేవలోకపు వస్తువులు కావు; తుంగముస్తలు, కురువేరు, రాతిపువ్వు, వట్టివేరు, నాగకేసరములు, కచ్చూరములు వంటి వానిని మన పచారీకొట్టువాడు నేటికిని పొట్లము కట్టి ఇచ్చుచున్నాడు. వానిలో ధనియాలు గూడ కలవు. ధనియాల వాసన మిక్కిలి ఘాటైనది గావున ఒక్క పాలే వేయవలెననియు, కర్పూరము అంతకంటెను తక్కువగా నుండవలెననియు ఆచార్యుడు కట్టడి చేసినాడు. వంటయింటి ధనియాలను కర్పూరము సరసన నిలిపి, రెండింటి నోరును ఒక్కమారే అదుపుచేసిన ఆ ఘ్రాణశక్తికి నమస్కరింపవలసినదే.

తెలుగునేలకు ఈ ద్రవ్యములతోడి బంధము సముద్రముమీద నడచినది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము, ఓడబేరగాండ్రకు రక్షణ ప్రసాదించి, చందనము, కర్పూరము, చీనాకర్పూరము, పన్నీరు, జవ్వాది మున్నగు సరకులపై సుంకములను నిర్ణయించినది.

నేటి వత్తులు రెండు తెగలు. మసాలావత్తికి వేళ్ళు, బెరళ్ళు, బంకలు, చందనపుపొడి మొదలగువానిని ముద్దచేసి, వెదురుపుల్లకు అరచేతితో పీటమీద దొరలించి, అడుగున అంగుళము మేర విడిచి, తడి యారకముందే పొడిలో పొరలింతురు. 2005లో భౌగోళికగుర్తింపు పొందిన మైసూరు అగరువత్తుల కీర్తికి మూలము ఇట్టి చేతిపనియే. రెండవది ముంచుడువత్తి: బొగ్గుపొడి, రంపపుపొట్టు కలిపి చేసిన వాసనలేని వత్తిని, డైఇథైల్ థాలేట్ వంటి ద్రవములో కలిపిన కృత్రిమపరిమళమున ముంచి ఆరవేయుదురు. డబ్బీ విప్పగానే గుప్పుమనునది చాలవరకు ఇదియే. కాని వెలిగించిన పిమ్మట పూలవాసన వెనుకనుండి బొగ్గు తొంగిచూచును. మసాలావత్తి విడిగా నున్నప్పుడు మందకొడిగా తోచినను, నిప్పు సోకిన కొలది ఒక్కొక్క ద్రవ్యమును తన వంతు పలుకును. సమగంధమను కౌటిల్యుని కొలతలో మొదటిదే నెగ్గునని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

ఏ తెగ వత్తికైనను పొడిని పుల్లకు అంటించునది జిగట్ అను బెరడుపొడి. తన వాసన చాటుకొనక, నీరు తగులగానే బంకయై, పరిమళమును చెరుపక నిదానముగా కాలుట దాని గుణము. దానినిచ్చు చెట్లలో మన నరమామిడి యొకటి. విశాఖ మన్యపు గిరిజనులు ఈ చెక్కను సేకరింపగా గిరిజన సహకార సంస్థ కొనుచున్నది. మానుచుట్టును పట్ట ఒలిచినచో చెట్టు నిలువున ఎండిపోవును. అట్లు ఒలుచుటవలననే అనేకస్థలములలో ఈ జాతి అరుదైపోయినది. వత్తులమీద లాభము గడించు వర్తకులును అటవీశాఖవారును కలసి నరమామిడిని విరివిగా నాటింపవలెను. మానును విడిచి కొమ్మల పట్టను మాత్రమే తెచ్చిన గిరిజనునకు ఎక్కువ వెల నియ్యవలెను.