నెమో ఏ ఊరివాడు?

మన్నార్ సింధుశాఖలో ముత్యాల వేట. పేద జాలరి ఒకడు పాదాల మధ్య బరువురాయి ఇరికించుకుని బుడుంగున దిగుతాడు, చేతికందిన చిప్పలు ఏరుకుని పైకి తేలుతాడు, మళ్లీ దిగుతాడు. అంతలో సొరచేప మీదికొస్తుంది. నీటి అడుగున నిలబడి చూస్తున్న కెప్టెన్ నెమో బాకు దూసి దానికి ఎదురెళ్తాడు. చివరికి అది చచ్చేది నెమో వెంట ఉన్న నెడ్ లాండ్ పొడిచిన హార్పూన్‌కే గానీ, జాలరి మాత్రం బతుకుతాడు. నెమో అతని చేతిలో ముత్యాల సంచి పెట్టి వచ్చేస్తాడు. మనుషులతోనే తెగదెంపులు చేసుకున్నవాడు ఈ ఒక్కణ్ణి ఎందుకు కాపాడాడు? ఇతను అణగారినవాళ్ల దేశంవాడు, తుదిశ్వాస దాకా తానూ ఆ దేశంవాడే అన్నది నెమో జవాబు. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

జూల్స్ వెర్న్ రాసిన ‘సముద్రగర్భంలో ఇరవై వేల లీగులు’ 1869–70లో పారిస్ పత్రికలో ధారావాహికగా వచ్చింది. లీగు అంటే నాలుగు కిలోమీటర్లు. ఇరవై వేల లీగులు అన్నది లోతు కాదు, నీటి కింద తిరిగిన దూరం. నెమో ఏ దేశస్థుడో ఆ నవలంతా గాలించినా దొరకదు. లాటిన్‌లో ఆ పేరుకు ‘ఎవరూ కాదు’ అని అర్థం. కానీ వెర్న్ మనసులో అతనికి ఊరూ పేరూ ఉన్నాయి. 1863లో రష్యా జార్ మీద పోలండ్ తిరగబడింది. ఆ తిరుగుబాటును అణిచినప్పుడు ఆలుబిడ్డల్ని పోగొట్టుకున్న పోలిష్ కులీనుడే తొలి నెమో. ప్రచురణకర్త ఎట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవాలి కదా. పోనీ బానిసల వ్యాపారం మీద పగబట్టినవాడిగా మార్చమన్నాడు. దానికి వెర్న్ ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. చివరికి అతను ఏ దేశంవాడో చెప్పకుండా వదిలేశారు.

నెమో జలాంతర్గామి నాటిలస్ కూడా గాలిలోంచి పుట్టలేదు. అమెరికన్ రాబర్ట్ ఫుల్టన్ 1800లో ఫ్రాన్సులో కట్టిన జలాంతర్గామి పేరది. 1863లో ఫ్రెంచి నౌకాదళం నీట దించిన ‘ప్లాంజర్’ బిగించిపట్టిన గాలితో నడిచేది. దాని నమూనా 1867 పారిస్ ప్రదర్శనలో ఉంచారు. వెర్న్ దానికి విద్యుత్తు జోడించి, డెబ్బై మీటర్లకు సాగదీశాడు.

ఆ యంత్రాన్ని ఆయన ఎక్కడికి తీసుకెళ్లాడో చూస్తే, చరిత్రకు ఊహను జోడించే ఈ రకం నవలకు వేరు ఎక్కడుందో తెలుస్తుంది. ఫ్రెంచి నావికుడు లా పెరూజ్ ఓడలు రెండూ 1788లో వానికోరో దీవి దగ్గర మునిగాయి. వాటి శిథిలాలు 1827లో దొరికాయి గానీ మనుషులు ఏమయ్యారన్నది తేలలేదు. నవలలో నెమో తుప్పుపట్టిన రేకుపెట్టె ఒకటి తెచ్చి చూపిస్తాడు. దాని మీద ఫ్రాన్సు రాజముద్ర, లోపల పసుపుబారినా అక్షరాలు చెదరని కాగితాలు: నౌకాదళ మంత్రి లా పెరూజ్‌కు ఇచ్చిన ఆదేశాలు, అంచుల్లో స్వయంగా రాజు చేతిరాత. చరిత్రకారుడు ఒడ్డున ఆగిపోయిన చోట నాటిలస్ మునకేస్తుంది. 1702లో వీగో అఖాతంలో మునిగిన స్పెయిన్ ఓడల బంగారమే నెమో ఖజానా. ఆ బంగారం 1866లో తుర్కుల మీద తిరగబడ్డ క్రీటు వాసులకు అందుతుంది.

నెమో మన ముందు ముసుగు తీసింది 1874–75లో, ‘మిస్టీరియస్ ఐలండ్’ నవలలో. ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్. ఐరోపాలో చదివి 1849లో తిరిగొచ్చాడు, 1857లో ఇంగ్లీషువాళ్ల మీద కత్తి పట్టాడు, కుటుంబం మొత్తాన్నీ పోగొట్టుకున్నాడు. ఝాన్సీ ఉన్నది బుందేల్‌ఖండ్‌లోనే కనుక ఆ సీమను ఎంచుకోవడం బాగా అతికింది. బంధుత్వం దగ్గర మాత్రం వెర్న్ లెక్క తప్పాడు. డక్కర్‌ను టిప్పు సాహెబ్ మేనల్లుడన్నాడు. టిప్పు శ్రీరంగపట్నంలో నేలకొరిగింది 1799లో, డక్కరేమో 1849 నాటికి ముప్పై ఏళ్లవాడు. పైగా మైసూరు ఎక్కడ, బుందేల్‌ఖండ్ ఎక్కడ! అయినా నాకు ఈ తప్పు మీద కోపం రాదు. ఫ్రాన్సులో కూర్చున్న రచయితకు తెల్లదొరల్ని ఎదిరించిన పేరు ఒకటి కావాలి, ఫ్రాన్సుకు బాగా తెలిసిన పేరు టిప్పుది.

కోపం వచ్చేది ఇంగ్లీషు అనువాదం మీద. 1875లో కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన ఆ పుస్తకంలో డక్కర్ కథను తిరగరాశారు. అరాచకం నుంచి దేశాన్ని గట్టెక్కించిన ఇంగ్లీషు పాలన మీదికి స్వార్థపరులైన రాజులు జనాన్ని ఉసిగొల్పారట. రష్యాకు భయపడి పోలండ్ వాణ్ణి తుడిచేశారు, లండన్ పాఠకుల కోసం హిందుస్తానీవాడి గొంతు మార్చేశారు. ఎన్నో తరాలు చదివింది ఈ పాఠమే.

1880లో ‘ఆవిరి ఇల్లు’ కోసం వెర్న్ మళ్లీ 1857 దగ్గరికే వచ్చాడు. అందులో ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు కలకత్తా నుంచి ఇళ్లను లాక్కుంటూ బయల్దేరుతుంది. దారిలో పొంచి ఉన్నది నేపాల్ వైపు వెళ్లి కనబడకుండా పోయిన నానాసాహెబ్. యంత్రం ఊహ, మనిషి నిజం. ఆదిత్య 369లో కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కొలువులో దిగినవాళ్లం కదా, ఈ జోడింపు రుచి మనకు కొత్తేమీ కాదు.

తెర మీద నెమోకు సొంత రూపం రావడానికి చాలాకాలం పట్టింది. 1954 డిస్నీ చిత్రంలో ఆ వేషం ఇంగ్లీషు నటుడు జేమ్స్ మేసన్‌ది. 2003లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలో మన నసీరుద్దీన్ షా తలపాగాతో నాటిలస్ మీద నిలబడ్డాడు.

‘మిస్టీరియస్ ఐలండ్’లోనే నెమో చనిపోతాడు. అంతకుముందే ఇచ్చిన మాట ప్రకారం దీవివాసులు కవాటాలు తెరుస్తారు, నాటిలస్ ఆయన్ని మోసుకుని గుహ అడుగుకు దిగిపోతుంది. అచ్చు పుస్తకంలో ఆయన చివరి మాట దేవుణ్ణీ, మాతృదేశాన్నీ తలుచుకోవడం. అది ఎట్జెల్ చేసిన మార్పు. వెర్న్ చేతిరాతలో ఉన్నది ఒకే ఒక్క మాట: స్వాతంత్ర్యం.