మన అక్షరాలు వెబ్‌లోకి ఎట్లా వచ్చాయి: సొంత ఫాంట్ల నుంచి గుంజాల గోండి దాకా

వెబ్ డెవలప్‌మెంట్ మీద ఇప్పుడు నడుస్తున్న చర్చలు మీకు తెలిసినవే. ఏ ఫ్రేమ్‌వర్క్ మేలు, పేజీని సర్వర్‌లో తయారు చేయాలా బ్రౌజర్‌లోనా, ఏఐ రాసిచ్చిన కోడ్‌ను ఎంతవరకు నమ్మాలి. ఇవన్నీ అవసరమైన చర్చలే. కానీ వీటన్నిటికీ అడుగున ఒక పాత ప్రశ్న ఉంది: మనం రాసే అక్షరాన్ని కంప్యూటర్ అక్షరంగా గుర్తిస్తున్నదా? ఈ రోజు ఆ చరిత్ర చెప్తాను. అది మన కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు ఎందుకు పట్టాలో కూడా చెప్తాను.

తెర మీద రెండు ఊళ్ళ పేర్లు రాస్తున్నాను చూడండి. కరీంనగర్. ఆదిలాబాద్. బడికి పోయే పిల్లను అడిగినా రెండింట్లోనూ ఐదేసి అక్షరాలు అని చెప్తుంది. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే మొదటిదానికి 8, రెండోదానికి 9 వస్తుంది. యూటీఎఫ్-8లో దాచిపెడితే 24 బైట్లు, 27 బైట్లు. ఇందులో తప్పు లెక్క ఏమీ లేదు. గుణింతం, సున్నా, పొల్లు వీటన్నిటికీ వేరువేరు కోడ్‌లు ఉన్నాయి కాబట్టి కంప్యూటర్ వాటిని విడివిడిగా లెక్కపెడుతుంది. అయితే ఒక ఫారంలో పేరుకు ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టినప్పుడు ఆ హద్దు ఇంగ్లీషు పేరుకు సరిపోయి మన పేరుకు సరిపోదు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఇక చరిత్రకు వద్దాం. మన దేశ లిపులకు 1988లో ఇస్కీ అనే ప్రమాణం వచ్చింది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఆ అమరికనే ఆధారం చేసుకొని తెలుగుకు 128 గళ్ళ చోటు ఇచ్చారు. మొట్టమొదటి వెబ్ సైటు జనంలోకి వచ్చిన సంవత్సరం కూడా 1991 అని గుర్తుపెట్టుకోండి. అంటే వెబ్ పుట్టిన నాటికే తెలుగుకు చిరునామా ఉంది. చిరునామా ఉన్నా ఇల్లు కట్టుకోవడానికి పదేళ్ళకు పైనే పట్టింది.

ఎందుకట్లా? యూనికోడ్ అక్షరానికి ఒక నంబరు మాత్రమే ఇస్తుంది. ఆ నంబర్లను చూసి ఒత్తును కిందికి, గుణింతాన్ని పైకి చేర్చి బొమ్మ గీసే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది, ఫాంటుది. 1990లలో మామూలు ఇళ్ళలో ఉండే కంప్యూటర్లకు ఆ విద్య రాదు. అందుకని మన పత్రికల సైట్లు అడ్డదారి పట్టాయి. ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మలు కూర్చి, ఎవరికి వారు సొంత ఫాంట్లు తయారు చేసుకున్నారు. ఆ ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది. లేకుంటే అర్థం పర్థం లేని గుర్తులు. అప్పట్లో ఇంటర్నెట్ సెంటర్లకు పోయి పేపరు చదివినవాళ్ళకు ఆ గుర్తులు బాగా గుర్తుండే ఉంటాయి.

ఆ దారిని తక్కువ చేసి మాట్లాడను. చదివేవాళ్ళకు ఆనాడే తెలుగు చూపించాలంటే వేరే మార్గం లేదు. కానీ దానికి మూల్యం చెల్లించాం. ఆ పేజీల్లో ఉన్నది కంటికి తెలుగే కానీ కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. వెతికితే దొరకదు. ఒక సైటులో కాపీ చేసి ఇంకో చోట పెడితే పనికిరాదు. సైటు మూతపడి ఫాంటు పోతే ఆ రాతను చదవడం కూడా కష్టమే.

ఆ స్థితి మారింది కొందరి చేతుల మీదుగా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి ఇచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జునే పద్మ అనే పనిముట్టు కూడా తయారు చేశారు. ఫైర్‌ఫాక్స్‌లో అది పెట్టుకుంటే పత్రికల సొంత ఫాంట్ల పేజీలు యూనికోడ్‌లోకి మారి కనిపించేవి. 2006లో వీవెన్ లేఖిని వచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం చాలామందికి అలవాటైంది. వీటి వెనుక పెద్ద పెట్టుబడి లేదు. భాష మీద ఇష్టం ఉన్న ప్రోగ్రామర్లు తీరిక వేళల్లో చేసిన పనే ఎక్కువ.

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు పోదాం. నార్నూర్ మండలంలో గుంజాల అనే గోండుల ఊరు ఉంది. అక్కడ గోండి భాషకు ఒక ప్రత్యేకమైన లిపిలో రాసిన డజను దాకా రాతప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం బృందం వాటి మీద పనిచేసింది. ఆ లిపి సుమారు 1750 నాటిదని అంచనా వేశారు. 1940లలో హైమన్‌డార్ఫ్ మర్లవాయిలో గోండు పిల్లల చదువు కోసం పనిచేసినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. తర్వాత మనవైపు తెలుగు లిపిలో రాసుకున్నారు. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతంలో 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారం ఇంకో లిపి తయారు చేశారు. ఇట్లా ఒకే భాష నాలుగు లిపుల్లో ఉంది. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షలు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో గోండి లేదు.

యూనికోడ్‌లో మసారం గోండికి 2017లో చోటు దొరికింది. అన్షుమాన్ పాండే రాసిన ప్రతిపాదన మీద గుంజాల గోండి 2018 జూన్‌లో చేరింది. 63 అక్షరాలు, గుర్తులు. ఆదిలాబాద్ జిల్లాలోని ఒక ఊరి పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ పాటించే పట్టికలోకి ఎక్కింది. చిన్న సంగతి కాదు.

ఇక్కడ మన పాత ప్రశ్న మళ్ళీ వస్తుంది. చిరునామా దొరికింది, ఇల్లు ఏది? తెలుగు అక్షరం యూనికోడ్ మొదటి 65,536 గళ్ళలో ఉంది. గుంజాల గోండి ఆ హద్దు దాటి ఉంది. జావాస్క్రిప్ట్ 1995లో పుట్టినప్పుడు ఒక్కో అక్షరానికి 16 బిట్లు చాలనుకున్నారు. అందుకని గుంజాల లిపిలో ఒక్క అక్షరం రాసినా లెంగ్త్ 2 అని చెప్తుంది. మనం కోడ్‌లో పేరును మధ్యలో కత్తిరిస్తే అక్షరం సగానికి విరిగిపోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టింది అక్షరానికి 3 బైట్ల దాకానే పట్టేది. తెలుగుకు 3 బైట్లు చాలు కాబట్టి మనకు నొప్పి తెలియలేదు. గోండికి 4 కావాలి. అట్లాంటి డేటాబేస్‌లో గుంజాల లిపిలో పేరు దాచబోతే తప్పు చూపిస్తుంది, లేదా ఆ అక్షరం దగ్గరే రాతను తెగ్గొడుతుంది.

మరి ఇది సరైంది ఎట్లా? ఎక్కువగా ఎమోజీల పుణ్యమే. ఆ నవ్వు ముఖాలు కూడా చాలావరకు ఆ హద్దు దాటినవే, వాటికీ 4 బైట్లు కావాలి. 30 లక్షల మంది భాష అడిగితే కదలని ప్రోగ్రాములు, కోట్ల మంది వాడే నవ్వు ముఖం కోసం కదిలాయి. 4 బైట్లు పట్టే పద్ధతి మైఎస్‌క్యూఎల్‌లో 2010లోనే వచ్చినా, 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌లో గానీ అది మామూలు అమరిక కాలేదు. పల్లెకు బస్సు కోసం వేయని రోడ్డు గని లారీల కోసం పడితే, ఆ రోడ్డు మీదే బస్సు నడిచినట్టు. మన సింగరేణి వైపు వాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు.

అదే 2018 ఫిబ్రవరిలో ఇంకోటి జరిగింది. జ్ఞా అక్షరాన్ని మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిచేసింది. లోకమంతా తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని రాసింది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీసే కోడ్‌ది. కోట్లమంది మాట్లాడే తెలుగుకే ఆ గతి పడితే గోండి సంగతి ఆలోచించండి.

ఇప్పుడు పనిముట్లు మెరుగయ్యాయి. మనిషి లెక్కపెట్టినట్టు అక్షరాలు లెక్కపెట్టే సెగ్మెంటర్ 2024 నాటికి పెద్ద బ్రౌజర్లన్నిటిలో చేరింది. ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం తెలుగుకు 2023లో యూనికోడ్‌లో వచ్చింది. గూగుల్ నోటో ఫాంట్లలో రెండు గోండి లిపులకూ ఫాంట్లు ఉన్నాయి. కానీ ఫోన్‌లో ఆ ఫాంటు ఉంటుందన్న భరోసా లేదు. కాబట్టి సైటే వెబ్ ఫాంటుగా పంపాలి. పేజీ బరువు తగ్గించడానికి వెబ్ ఫాంట్లు తీసేయమని చెప్పేవాళ్ళ వాదన ఇంగ్లీషుకు న్యాయమే. గోండికి ఫాంటు తీసేస్తే మిగిలేది ఖాళీ డబ్బాలు.

గోండి ఏ లిపిలో రాయాలన్నది గోండులు తేల్చుకోవాల్సిన విషయం. అందులో మనం తీర్పు చెప్పేది లేదు. మన పని ఏమంటే, వాళ్ళు ఏది ఎంచుకున్నా మన కోడ్ అడ్డు రాకుండా చూడటం. సాఫ్ట్‌వేర్‌లో కుదరదు అన్న ఒక్క మాటతో ఒక లిపి ఓడిపోకూడదు.

కరీంనగర్‌లో, మంచిర్యాలలో కూర్చొని సైట్లు కట్టే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెప్తాను. మీరు రాసినా, ఏఐ రాసిచ్చినా, ఫారం పూర్తయ్యాక మూడు పేర్లతో పరీక్షించండి. ఒకటి జ్ఞానేశ్వర్. రెండోది ఆదిలాబాద్. మూడోది గుంజాల గోండి లిపిలో ఏదైనా ఒక పేరు. దాచండి, తిరిగి తెరవండి, వెతకండి. మూడూ చెక్కుచెదరకుండా వస్తే మీ సైటు ఈ నేల మీది మనుషులందరికీ పనికొస్తుంది. రాకపోతే ఎవరిని బయట నిలబెట్టారో మీకే తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో వెబ్ ఫాంటును చిన్నది చేసి పంపడం ఎట్లాగో కోడ్ రాసి చూపిస్తాను. ఉంటాను మరి, నమస్తే.