హైదరాబాద్ మంచినీటి సరఫరా చరిత్ర

హైదరాబాద్‌కు తాగునీరు తెచ్చే జలాశయాలు, శుద్ధి కేంద్రాలు, పైపులైన్లు, రిజర్వాయర్లన్నిటినీ కలిపి నగర మంచినీటి వ్యవస్థ అంటారు. 1989 నవంబరు 1 నుంచి దీని బాధ్యత హైదరాబాద్ మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుది. వాడుకలో ఇదే జలమండలి. నగరానికి నీళ్లొచ్చే చోటు రానురాను దూరమవుతూ వచ్చింది. హిమాయత్‌సాగర్ పది కిలోమీటర్ల లోపే ఉంది, ఉస్మాన్‌సాగర్ పదిహేను కిలోమీటర్లు. మంజీర సుమారు 58, సింగూరు 80, కృష్ణ 116, గోదావరి 186. ఈ అంకెల వరుసలోనే నగర చరిత్ర చాలావరకు ఉంది. దూరం పెరిగినప్పుడల్లా పని విలువ పెరిగింది, పని అప్పగించే కాంట్రాక్టు స్వరూపమూ మారింది.

చెరువుల కాలం

గోల్కొండ కోటకు దుర్గం చెరువు నీళ్లు వచ్చేవి. కోట లోపల వాటిని అంచెలంచెలుగా పైకి తోడి, మట్టి గొట్టాల్లో పారించేవారు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో హుస్సేన్‌షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగర్ తయారైంది. 19వ శతాబ్ది తొలి ఏళ్లలో నిజాం దివాను మీర్ ఆలం పేరిట మీరాలం చెరువు కట్టారు. 21 అర్ధవృత్తాకార కమానులను వరుసగా పేర్చి కట్టిన ఈ ఆనకట్ట ఈనాటికీ నీటిని ఆపుతోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాలు వచ్చేదాకా నగరం తాగింది ప్రధానంగా ఈ చెరువుల నీళ్లు, ఇళ్లలోని బావుల నీళ్లు.

1908 వరద, జంట జలాశయాలు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు పదిహేను వేలమంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని ఆయన సూచించారు. అసలు ఉద్దేశం వరద నుంచి కాపాడటమే. తాగునీరు దానితోపాటు దొరికిన లాభం.

ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. గండిపేట గ్రామం దగ్గరుంది గనుక జనానికి అది గండిపేటే. 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది. దాని నిర్మాణంతో ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ పేరు ముడిపడి ఉంది. ఉస్మాన్‌సాగర్‌లో సుమారు 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో సుమారు 3 టీఎంసీల నీరు నిలుస్తుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు, హిమాయత్‌సాగర్ నీళ్లు మీరాలం ఫిల్టర్ బెడ్లకు వచ్చేవి. అక్కడ ఇసుక పొరల గుండా వడగట్టి ఇళ్లకు వదిలేవారు.

ఈ ఏర్పాటులో ఒక సుగుణాన్ని ఆ రోజుల్లో ఎవరూ ప్రత్యేకంగా లెక్కపెట్టి ఉండరు. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. పాత నగరం అంతకంటే పల్లంలో ఉంది. గేటు ఎత్తితే నీళ్లు వాటంతటవే కాలువలో నడిచి వచ్చేవి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. 1911లో అయిదు లక్షల జనాభా ఉన్న నగరానికి ఈ రెండు జలాశయాలు నలభై ఎంజిడికి పైగా నీరివ్వగలిగేవి. ఎంజిడి అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు, సుమారు 45 లక్షల లీటర్లు. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదిలిపోలేరన్న పాతబస్తీ మాట ఆ రోజుల నాటిదే.

మంజీర, సింగూరు

ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక జనాభా పెరిగి జంట జలాశయాలు చాలలేదు. 1965లో మంజీర మొదటి దశ కింద సంగారెడ్డి వైపు నుంచి 15 ఎంజిడి, 1981లో రెండో దశ కింద మరో 30 ఎంజిడి వచ్చాయి. ఎగువన సింగూరు జలాశయం ఏర్పడ్డాక 1991, 1993లలో మూడు, నాలుగు దశలు తోడై మొత్తం 120 ఎంజిడికి చేరింది. రాజంపేట, కలబ్‌గూర్, పెద్దాపూర్ శుద్ధి కేంద్రాలు ఈ దశల్లో వచ్చినవే. సింగూరు నీళ్లు తమ పొలాలకు కాకుండా పట్నానికి పోతున్నాయని మెదక్ రైతులు చాలా ఏళ్లు అడుగుతూనే వచ్చారు. ఆ ప్రశ్నలో న్యాయముంది.

1980ల చివరికి నగరంలో చాలా చోట్ల నల్లా రోజు విడిచి రోజే వచ్చేది. ఈ నేపథ్యంలోనే 1989 చట్టంతో జలమండలి ఏర్పడింది. అప్పటిదాకా వేర్వేరు శాఖల చేతుల్లో ఉన్న నీరు, మురుగు రెండూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. 1990ల్లో ప్రపంచ బ్యాంకు రుణంతో కూడా పనులు నడిచాయి. బ్యాంకు డబ్బుతోపాటు టెండర్లు, లెక్కలు, మీటర్ల గురించి దాని షరతులూ వచ్చాయి.

పని అప్పగించే పద్ధతులు

పాత పద్ధతిలో ఇంజినీరే డిజైను గీసి, ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక (ఎస్‌ఎస్‌ఆర్) ప్రకారం ఎస్టిమేట్ వేసేవాడు. టెండరులో కాంట్రాక్టరు ఆ అంచనా మీద ఇంత శాతం 'లెస్' అనో, 'ఎక్సెస్' అనో కోట్ చేసేవాడు. తవ్విన మట్టి ఎంత, వేసిన పైపు ఎంత అన్నది ఎం-బుక్‌లో రాసుకుని, కొలిచిన దానికే బిల్లు ఇచ్చేవారు. కొలతలో మోసానికి వీలున్నా, ఎక్కడ ఏం వేశారో ప్రభుత్వ ఇంజినీరుకు తెలిసి ఉండేది. టెండరు పెట్టె దగ్గరే కాంట్రాక్టర్లు రింగై, తమకు నచ్చని వాడిని ఫారం వేయనివ్వకుండా చేసే రోజులవి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చాక పెట్టె పోయి టెండరు కంప్యూటరెక్కింది. అంచనా కంటే అయిదు శాతానికి మించి ఎక్సెస్ ఒప్పుకోరాదన్న పరిమితి కూడా అదే సంస్కరణల్లో భాగం.

తర్వాత ఈపీసీ వచ్చింది. సర్వే, డిజైను, సామగ్రి, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే, ధర మొత్తంగా ఒకటే. శుద్ధి కేంద్రం, పంప్‌హౌస్, వందల కిలోమీటర్ల స్టీలు పైపు ఒకదానికొకటి అమరాల్సిన పనులకు ఇది సౌకర్యమే. అయితే డిజైను తనది కానప్పుడు దాన్ని నిలదీసే శక్తి ప్రభుత్వ ఇంజినీరుకు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. యాన్యుటీ, దాని తరువాతి రూపమైన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతుల్లో కాంట్రాక్టరే పెట్టుబడి మొత్తమో, కొంతో పెడతాడు, ప్రభుత్వం ఏడాదికింత చొప్పున తిరిగి చెల్లిస్తుంది. సర్కారుకు ఇవాళ చేతి నుంచి ఖర్చు తక్కువ. బాకీ రేపటి బడ్జెట్లలో కూర్చుంటుంది.

కృష్ణ

2004లో కృష్ణా మొదటి దశ కింద 90 ఎంజిడి నగరానికి చేరింది. 2008లో రెండోది, 2015లో మూడోది, ఒక్కొక్కటి 90 ఎంజిడి చొప్పున వచ్చాయి. మూడు దశలకూ కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిన నీరు అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు చేరుతుంది. అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. పటిక కలిపి బురదను పేరబెట్టి, తేటను ఇసుకలో వడగట్టి, క్లోరిన్ వేసి పంపుతారు. నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్‌ల మీదుగా పంపులు తోసిన నీరు సాహెబ్‌నగర్ వైపు దిగి వస్తుంది.

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. నగరం సగటున 1,700 అడుగులకు పైనే ఉంది. అంటే తాగే ప్రతి బిందెడు నీళ్లనూ వెయ్యి అడుగులకు మించి ఎత్తాలి. గండిపేటకు అవసరమే లేని కరెంటు ఇక్కడ జలమండలి ఖర్చులో పెద్ద పద్దు అయింది. సాగర్ మట్టం బాగా పడిపోయిన ఏళ్లలో పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు దించక తప్పలేదు.

గోదావరి

గోదావరి పథకానికి ప్రభుత్వం మౌలానా అబుల్ కలాం హైదరాబాద్ సుజల స్రవంతి అని పేరు పెట్టింది. ఎల్లంపల్లి జలాశయం నుంచి మల్లారం శుద్ధి కేంద్రం మీదుగా ఘన్‌పూర్ దాకా, మొత్తం 186 కిలోమీటర్లు. సామర్థ్యం 172 ఎంజిడి, ఏడాదికి పది టీఎంసీలు. అంత పొడవైన లైనుకు రైలు పట్టాలు, అటవీ భూములు, రోడ్లు ఒక్కొక్కటీ ఒక్కో అనుమతి. కాంట్రాక్టులో గడువు రాయడం తేలిక, అనుమతులు చేతికి రావడం కష్టం. 2015 చివరిలో నీళ్లు నగరానికి చేరాయి. సరిగ్గా ఆ వేళకే, 2015-16 కరువులో, సింగూరు, మంజీర ఎండిపోయాయి. జంట జలాశయాలూ అడుగంటాయి. గోదావరి లైను ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే నగరంలో చాలా ప్రాంతాలు ట్యాంకర్ల మీదే బతికేవి.

ఇంటింటికీ తాగునీరిచ్చే రాష్ట్ర పథకం మిషన్ భగీరథ తొలి అంచెను 2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించారు. అక్కడికి చేరిందీ ఈ గోదావరి లైను నీళ్లే.

గల్లీలోని పైపు

పెద్ద పైపులకు దొరికిన శ్రద్ధ చిన్న పైపులకు దొరకలేదు. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు నగరంలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడినప్పుడు, శివార్లలో ఎన్నో కాలనీలకు నల్లానే లేదు. కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద మల్కాజిగిరి వంటి చోట్ల కొంత పని జరిగింది. తెలంగాణ ఏర్పడ్డాక హడ్కో రుణంతో సుమారు 1,900 కోట్ల రూపాయల పథకం చేపట్టి, శివారు సర్కిళ్లలో 56 సర్వీసు రిజర్వాయర్లు కట్టి, కొత్త పైపులు వేశారు. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి గ్రామాలకూ తర్వాత సరఫరా విస్తరించింది.

పాతబస్తీ, సికింద్రాబాద్‌ల పాత పైపుల కథ వేరు. నీళ్లు గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తే, మిగతా సమయం గొట్టం ఖాళీగా ఉంటుంది. పక్కనే మురుగు పైపు కారుతుంటే, ఖాళీ గొట్టం తన పగుళ్లలోంచి ఆ మురుగును లోపలికి పీల్చుకుంటుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే ఇది ఇంకా పెరుగుతుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. భారతీయ ప్రమాణం ప్రకారం నల్లా చివరన లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. శుద్ధి కేంద్రం దగ్గర ఎంత వేశారన్నది కాదు, ఆఖరి ఇంటిదాకా ఎంత మిగిలిందన్నదే లెక్క.

ఈ వ్యాసకర్త ఉద్దేశంలో నగర నీటి చరిత్రలో పెద్ద లోటు ఇక్కడే ఉంది. కొత్త నది నుంచి లైను వేయడం ఒక టెండరు, ఒక శిలాఫలకం, ఒక ప్రారంభోత్సవం. గల్లీ గల్లీకి లీకులు వెతికి పాత పైపు మార్చడం వేల చిన్న పనులు, రోడ్డు తవ్వినందుకు తిట్లు. అందుకే ఎంతో ఖర్చుతో ఎత్తిన నీటిలో చెప్పుకోదగ్గ భాగం బిల్లు పడకుండానే పోతోంది. జలమండలి భాషలో దీన్ని ఎన్‌ఆర్‌డబ్ల్యూ అంటారు. ఎక్కడ పోతోందో తెలియాలంటే మీటరు కావాలి. 2021 జనవరిలో ప్రభుత్వం గృహ కనెక్షన్లకు నెలకు 20 కిలోలీటర్ల దాకా ఉచితం చేసినప్పుడు, బస్తీలు మినహా మిగిలిన చోట్ల మీటరు తప్పనిసరన్న నిబంధన పెట్టింది. ఉచితం పేరుతో మీటర్లు బిగించడం నిజానికి తెలివైన పనే.

ఇటీవలి పనులు

నాగార్జునసాగర్‌లో మట్టం బాగా తగ్గినా నీళ్లు అందేలా సుంకిశాల దగ్గర సొరంగాలతో కొత్త ఇన్‌టేక్‌ను 2022 మేలో మొదలుపెట్టారు. 2024 ఆగస్టు 2న సాగర్‌లోకి వరద చేరుతుండగా అక్కడి రక్షణ గోడ కూలి, పంప్‌హౌస్‌లోకి నీళ్లు వచ్చాయి. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది.

జంట జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చి 8న 111వ నంబరు జీఓ వచ్చింది. పరీవాహక ప్రాంతంలో పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో అది నిర్మాణాలను కట్టడి చేసింది. నగరానికి కృష్ణ, గోదావరి వచ్చాక ఈ చెరువుల అవసరం తీరిపోయిందన్న వాదనతో 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ మరో జీఓ ఇచ్చింది.

2025 సెప్టెంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గండిపేట దగ్గర గోదావరి రెండు, మూడు దశలకు శంకుస్థాపన చేశారు. విలువ 7,360 కోట్ల రూపాయలు. పద్ధతి హైబ్రిడ్ యాన్యుటీ, ప్రభుత్వ వాటా 40 శాతం, కాంట్రాక్టు సంస్థ పెట్టేది 60 శాతం. మల్లన్నసాగర్ జలాశయం నుంచి ఏడాదికి 20 టీఎంసీలు తీసుకుంటారు. అందులో 17.5 టీఎంసీలు నగర తాగునీటికి. మిగిలిన 2.5 టీఎంసీలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను నింపడానికి.