క్లోజ్ పరీక్ష చరిత్ర: పత్రికా వ్యాసం ప్రశ్నగా మారే తీరు

బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల ఇంగ్లిష్ పత్రంలో ఒక పేరా ఇచ్చి, మధ్యమధ్య ఖాళీలు వదిలి, ఒక్కో ఖాళీకి కొన్ని పదాలు చూపించడం మీరు గమనించే ఉంటారు. దీనినే క్లోజ్ పరీక్ష అంటారు. బడిలో మనం పూరించిన ఖాళీలు విడివిడి వాక్యాలలో ఉండేవి. ఇక్కడ పేరా మొత్తం ఒకే రచన. చాలాసార్లు అది ఏదో ఒక పత్రికలో అచ్చయిన వ్యాసం నుంచి వస్తుంది. ఆ వ్యాసం ప్రశ్నగా ఎలా మారుతుందో, ఆ మార్పులో ఏమి పోవచ్చునో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. ఆరంభ దశ

జర్మన్ మనోవిజ్ఞానవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ బ్రెస్లావ్ నగరంలో బడిపిల్లల మానసిక అలసటను పరిశీలించడానికి అక్కడక్కడ పదాలు, అక్షరాలు తీసేసిన గద్యభాగాలను వాడారు. ఆ పరిశోధన 1897లో వెలువడింది.

'క్లోజ్' అనే పేరు మాత్రం 1953 నాటిది. అమెరికాలో విల్సన్ టేలర్ 'జర్నలిజం క్వార్టర్లీ' పత్రికలో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. అసంపూర్ణ వలయాన్ని చూసినా మనసు దాన్ని పూర్తి వలయంగానే గ్రహిస్తుందని గెస్టాల్ట్ మనోవిజ్ఞానం చెబుతుంది. ఆ పూరణ గుణానికి ఇంగ్లిష్‌లో ఉన్న 'క్లోజర్' అనే మాటే ఈ పేరుకు మూలం.

టేలర్ కొలవదలచింది పాఠకుణ్ణి కాదు, రచనను. ఒక రచన ఎంత సుబోధకమో తెలుసుకోవడమే ఆయన లక్ష్యం. పదాల, వాక్యాల పొడవును లెక్కించే సూత్రాలు గెర్ట్రూడ్ స్టైన్ వచనాన్ని తేలికైనదిగా చూపగా, క్లోజ్ పద్ధతి దాన్ని కఠినమని తేల్చింది. ఇందులో ప్రతి ఐదో పదం వంటి లెక్కతో పదాలను యాంత్రికంగా తొలగిస్తారు. ఎవరి ఇష్టానికీ తావు లేదు.

2. లెక్క నుంచి ఎంపికకు

తరువాతి దశాబ్దాలలో ఇదే సాధనంతో అభ్యాసకుల ఇంగ్లిష్‌ను కొలవసాగారు. అమెరికాలో జాన్ ఆలర్ దీన్ని గట్టిగా సమర్థించారు. అయితే తొలగించే పదాల మధ్య దూరం మారితే పరీక్ష కొలిచే విషయమే మారిపోవచ్చునని 1979లో చార్లెస్ ఆల్డర్సన్ చూపారు. ఏ పదాలు తీయాలో ప్రశ్నకర్తే ఆలోచించి ఎంచుకునే పద్ధతి క్రమంగా బలపడింది.

3. వ్యాసాన్ని మలచడం

చైనాలో పీజీ ప్రవేశానికి జరిగే జాతీయ పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. అందులోని మొదటి రకం ఇంగ్లిష్ పత్రంలో క్లోజ్ భాగం 240–280 పదాలు. ఖాళీలు 20, మార్కులు 10. పత్రికా వ్యాసం సాధారణంగా ఇంతకంటే చాలా పెద్దది. అందువల్ల ఉదాహరణలను, ఉల్లేఖనలను తగ్గించాలి. అరుదైన పదాలను మార్చాలి. సందర్భం అందడానికి మొదటి వాక్యాన్ని సాధారణంగా ఖాళీ లేకుండా ఉంచుతారు. ఆపై అనుసంధాన పదాలు, విభక్తుల పని చేసే చిన్న పదాలు, జంటగా వచ్చే పదాలు చూసి ఖాళీలు పెడతారు.

అసలు ప్రమాదం ఈ కుదింపులోనే ఉంది. నేను పరిశీలించిన ఒక ముసాయిదా పత్రంలోని పేరా సారాంశం ఇది: "వరద హెచ్చరిక వచ్చింది. ఊరివాళ్లు దాన్ని ______." ఇచ్చిన పదాలలో 'నమ్మారు', 'పట్టించుకోలేదు' అనే అర్థాలవి రెండూ ఉన్నాయి. జవాబుగా రెండోదాన్ని గుర్తించారు. గత ఏడాది హెచ్చరిక తప్పిందన్న వాక్యం మూలవ్యాసంలో ఉంది, కుదింపులో పోయింది. మూలం చదివిన ప్రశ్నకర్తకు జవాబు స్పష్టమే. పేరా మాత్రమే చూసే అభ్యర్థికి అది ఊహ. అలాంటి ఒక్క మార్కు ఉద్యోగాన్ని దూరం చేయగలదు. అందుకే మూలం చదవని మరొకరి చేత పత్రాన్ని రాయించి చూడడం అవసరం.

4. సారాంశం

రచనను కొలవడానికి పుట్టిన సాధనం మనిషిని కొలిచేదిగా మారింది. యాంత్రిక లెక్క స్థానంలో ప్రశ్నకర్త ఎంపిక వచ్చింది, దానితో పాటు అతని బాధ్యత కూడా పెరిగింది. మీరు మాత్రం ముందు పేరా అంతా ఒకసారి చదవండి. ఖాళీకి ఆధారం చాలాసార్లు పక్క వాక్యంలోనే ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టేలర్ పద్ధతికీ నేటి పరీక్షల పద్ధతికీ గల ముఖ్య భేదం ఏమిటి?
2. ఒక తెలుగు దినపత్రిక సంపాదకీయాన్ని సగానికి కుదించి, ఐదు ఖాళీలు పెట్టండి. మూలం చదవని మిత్రుడు వాటిని పూరించగలిగాడా?