సర్కారుకి తాళం

“అమ్మా, శుక్రవారం అర్ధరాత్రికి మూసేస్తారుట” అంది మా అమ్మాయి, కూరలు ఫ్రిజ్‌లో సర్దుతూ.

ఏ కొట్టో కాబోలు, క్రిస్మస్ రోజులు కదా అనుకున్నాను. “అయితే పాలు ఇంకో డబ్బా తెచ్చి పడేస్తే పోలా?” అన్నాను.

“కొట్టు కాదమ్మా, గవర్నమెంటు!”

2018 డిసెంబరు నాటి మాట ఇది. అప్పుడు నేను వర్జీనియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అక్కణ్ణించి వాషింగ్టన్‌కి కారులో ముప్పావుగంట. గవర్నమెంటు పడిపోవడం నాకు తెలుసు. మన దగ్గర ఎన్ని పడిపోలేదు! మారడమూ తెలుసు. కానీ చిల్లరకొట్టుకి షట్టరు దించినట్టు మూసెయ్యడమేమిటి, విడ్డూరం కాకపోతే?

మా అల్లుడు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. అక్కడ ఖజానా తాళంచెవి కాంగ్రెస్ చేతిలో ఉంటుంది. (కాంగ్రెస్ అంటే పార్టీ కాదు సుమండీ, వాళ్ల పార్లమెంటు.) ఏటా అక్టోబరు 1న కొత్త లెక్కల సంవత్సరం మొదలు. ఆలోగా ఖర్చుల బిల్లులు ప్యాసు కావాలి. కాకపోతే కొన్ని వారాలకో నెలలకో పాత పద్దునే పొడిగించుకుంటారు. ఆ పొడిగింపూ కుదరలేదా, పైసా ఖర్చు పెట్టే అధికారం ఎవరికీ లేదు. ప్రాణాలూ ఆస్తులూ కాపాడే వాళ్లు మాత్రం పనికి వెళ్లాలి, జీతం తర్వాత. మిగతా వాళ్లు ఇంట్లో కూచోవాలి, జీతం ఊసే లేదు.

“మన దగ్గర ఇలా ఎందుకు జరగదు?” అన్నాను.

“మనకి ఓట్ ఆన్ అకౌంట్ ఉంది కదండీ అత్తయ్యగారూ! అదీకాక, లోక్‌సభ డబ్బు ఇవ్వనంటే మంత్రివర్గమే దిగిపోవాలి. ఇక్కడ ప్రెసిడెంటు నాలుగేళ్ల దాకా కదలడు, కాంగ్రెస్సూ కదలదు” అన్నాడు.

అంటే పోట్లాడుకునే ఇద్దరూ కుర్చీల్లోనే ఉంటారు. కాంగ్రెస్ సభ్యుల జీతాలూ ఆగవు. ఆగేది గుమాస్తా జీతం. భార్యాభర్తలు పోట్లాడుకుని వంట మానేస్తే పస్తు పిల్లలకే కదా!

ఇదేదో వాషింగ్టన్, జెఫర్సన్‌లు రాజ్యాంగంలో రాసి పెట్టిపోయిన ఆచారం అనుకున్నాను. తీరా పుస్తకాలు తిరగేస్తే అంత పాతదేం కాదు. కాంగ్రెస్ ఇవ్వని డబ్బు ఖర్చు పెట్టరాదన్న చట్టం పందొమ్మిదో శతాబ్దం నాటిదే. అయినా దాదాపు వందేళ్లపాటు బిల్లు ఆలస్యమైతే ఆఫీసులు కాస్త చెయ్యి బిగబట్టి పని కానిచ్చేవి. ఇవాళ కాకపోతే రేపు డబ్బొస్తుందిలే అన్న నమ్మకం. నెలాఖరులో మనం కిరాణాకొట్టులో ఖాతా రాయించుకోమూ, అలాగన్నమాట.

1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ ఖాతా మూయించారు. ప్రెసిడెంటు కార్టర్‌కి ఆయన ఇచ్చిన అభిప్రాయం ఇది: చట్టం చట్టమే, డబ్బు మంజూరు కాకపోతే ఆఫీసు మూయవలసిందే. ఆ ఏడు మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ఆఫీసు ఒక్కరోజు మూతపడింది. ఇంటికి పోయింది ఓ 1,600 మంది. అంతే, దారి పడింది. తర్వాత చాలా ఏళ్లకి, ఇన్నేసి రోజులు మూసిపెట్టి దీన్ని రాజకీయపు ఎత్తుగా వాడుకుంటారని తను ఊహించనే లేదని ఆయనే చెప్పుకున్నారు. ఓ పెద్దమనిషి ఇంట్లో క్రమశిక్షణ కోసం గీసిన గీత, తోడికోడళ్ల తగాదాలో ఆయుధమైనట్టయింది.

1995లో ఆ ఆయుధం బాగా ఝళిపించారు. ప్రెసిడెంటు క్లింటన్ ఒకవైపు, స్పీకరు న్యూట్ గింగ్రిచ్ రెండోవైపు. తగువు బడ్జెట్ గురించే, కాదనను. కానీ ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ అంత్యక్రియలకి ఇద్దరూ ఒకే విమానంలో వెళ్లివస్తే, దారిలో క్లింటన్ తనని పిలిచి మాట్లాడలేదనీ, దిగేటప్పుడు వెనక మెట్ల మీంచి దింపారనీ గింగ్రిచ్ విలేఖర్ల దగ్గర వాపోయాడు. బిల్లు మీద పట్టు బిగియడానికి అదీ ఓ కారణమేనని ఒప్పుకున్నాడు కూడా! న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక మొదటి పేజీ నిండా ఆయన్ని లంగోటీ కట్టుకుని ఏడ్చే పసివాడిగా బొమ్మ వేసింది. చదువుతుంటే కాఫీ చల్లారిందని అలిగిన మగపెళ్లివారు కళ్లముందు కదిలారు నాకు. నవంబరులో అయిదు రోజులు, మళ్లీ డిసెంబరు 16 నుంచి 21 రోజులు మూత. ఆ రోజుల్లో మన వాళ్ల వంటి విదేశీయుల వీసా దరఖాస్తులు రోజుకి ఇరవై ముప్ఫై వేలు కదలకుండా పడి ఉన్నాయి.

2018కి వస్తాను. ఈసారి తగాదా మెక్సికో సరిహద్దులో గోడకి. ప్రెసిడెంటు ట్రంప్ 570 కోట్ల డాలర్లు ఇమ్మన్నాడు, ప్రతిపక్షం ఇవ్వమంది. డిసెంబరు 22 తెల్లవారేసరికి తాళం పడింది. మిలిటరీకీ కొన్ని శాఖలకీ డబ్బు ముందే మంజూరైంది కనక బతికిపోయాయి. మిగిలిన శాఖల్లో 8 లక్షల మంది చిక్కుకున్నారు. అందులో సగం పైచిలుకు జీతం లేకుండా పనికి వెళ్లినవాళ్లే.

పదిమంది చేరినచోట అదే ముచ్చట. వీధిలో ఒక రిటైరైన పెద్దాయన, గోడ కావలసిందే, నాలుగు రోజులు ఓర్చుకుంటే ఏం పోయింది అనేవాడు. ఆయన పెన్షన్ ఆగలేదు మరి. గుడిలో కలిసిన మన ఆడవాళ్లలో ఒకావిడ “మనకేం సంబంధమండీ, వాళ్ల గొడవ” అంది. పక్కావిడ ఊరుకోలేదు. 2013 అక్టోబరులో ఇలాగే మూసినప్పుడు, హెచ్‌-1 వీసాకి ముందు కార్మిక శాఖ నుంచి రావలసిన కాగితం ఆగిపోయి, వాళ్లబ్బాయి కొత్త ఉద్యోగం గాల్లో వేలాడిందిట. నిజమే, ఆ పదహారు రోజులూ ఆ శాఖ అలాంటి దరఖాస్తులే తీసుకోలేదు.

మొదటి పదిరోజులూ నాకూ తమాషాగానే ఉంది. జనవరి 2న స్మిత్సోనియన్ మ్యూజియాలు మూసేశారు, విమానాల మ్యూజియం చూద్దామనుకున్న నా సరదా తీరలేదు. జంతుశాల కూడా మూసేశారు. పెళ్లి చేసుకుందామన్నా కుదరలేదు! వాషింగ్టన్ నగరంలో పెళ్లి లైసెన్సులిచ్చే కోర్టు ఆఫీసు కేంద్రం డబ్బుతో నడుస్తుంది, అదీ మూతే. జంటలు లబోదిబోమంటే నగర పాలకులు జనవరిలో ప్రత్యేకంగా ఓ చట్టం చేసి ఆ ఆపద గట్టెక్కించారు. ఆ చట్టం పొట్టిపేరు ‘లవ్’ అని వచ్చేలా మాటలు కూర్చుకున్నారు. ముహూర్తం దాటిపోకుండా చట్టసభ పూనుకోవడం మనకి కూడా తెలియని మర్యాద.

తమాషా జనవరి 11న అయిపోయింది. అక్కడ జీతం రెండువారాలకోసారి. ఆవేళ సున్నా అని రాసిన జీతం చీటీలు వచ్చాయి. మా అల్లుడు సర్కారు ఉద్యోగి కాదు, ఒక శాఖకి కంప్యూటరు పని చేసిపెట్టే కంపెనీలో ఉన్నాడు. ముందు ఉన్న సెలవులు వాడుకోమన్నారు. సెలవులు అయిపోయాక జీతం లేదన్నారు. మా అమ్మాయి రాత్రిళ్లు ఇంటి అప్పు కాగితాలు ముందేసుకుని కూచునేది. నన్ను చూసి మూసేసేది. ముప్ఫై ఏళ్లు ఒకటో తారీఖు జీతంతో సంసారం లాక్కొచ్చినదాన్ని, నా దగ్గరా దాచేది!

సర్కారు ఉద్యోగాల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఉచిత ఆహారకేంద్రాల ముందు వరసల్లో నిలబడ్డారు. వాషింగ్టన్‌లో హొసే ఆండ్రెస్ అనే పేరున్న వంటవాడు వంటశాల తెరిచి గుర్తింపుకార్డు చూపిన వాళ్లందరికీ ఊరికే భోజనం పెట్టాడు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో సిక్కులు గురుద్వారాలో వండి వడ్డించారు. సరిగ్గా అప్పుడే వాణిజ్యమంత్రి విల్బర్ రాస్, మహా సంపన్నుడు, వీళ్లు బ్యాంకులో అప్పు తెచ్చుకోక అక్కడికెందుకు పోతున్నారో తనకి అర్థం కావడం లేదన్నాడు. ఆ మాట టీవీలో విని మా అమ్మాయి గరిటె కింద పడేసింది.

మా అమ్మాయి వీధి చివర ఇంట్లో ఎల్ సాల్వడార్ దేశపు ఆవిడ అద్దెకుండేది. వాషింగ్టన్‌లో ఓ సర్కారు భవనంలో రాత్రిపూట ఊడ్చి తుడిచే పని, కాంట్రాక్టరు కింద. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకటే కొలత. సంక్రాంతినాడు పులిహోర పట్టుకెళితే గిన్నె ఖాళీగా ఇవ్వకుండా పుపూసాలు పెట్టిచ్చింది. మొక్కజొన్న రొట్టెలు, లోపల చిక్కుడుగింజల ముద్ద. ఇంట్లో ఏముందో ఏం లేదో! ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్నది మన ఒక్కళ్ల శాస్త్రమే కాదన్నమాట.

ముప్ఫై అయిదో రోజున, జనవరి 25న, న్యూయార్క్‌లో విమానాలకి దారి చెప్పే సిబ్బంది చాలక లాగార్డియాలో విమానాలు ఆగాయి. ఆ మధ్యాహ్నానికే రాజీ అయింది. 8 లక్షల మంది పస్తులకి కదలనిది, విమానాలు ఆగేసరికి కదిలింది. సర్కారు ఉద్యోగులందరికీ పాత జీతం ఇచ్చి తీరాలని ఆ నెలలోనే చట్టం చేశారు. ఇకముందు మూతలకి కూడా వర్తించేలా చేశారు, మంచిపనే. కాంట్రాక్టు వాళ్ల ఊసు అందులో లేదు. మా అల్లుడికి పోయిన జీతం పోయినట్టే. ఆవిడకి 35 రాత్రుల కూలీ పోయినట్టే. ఆ మూతవల్ల దేశానికి శాశ్వతంగా 300 కోట్ల డాలర్ల నష్టమని కాంగ్రెస్ లెక్కల ఆఫీసు తేల్చింది. ఆవిడ కూలీ ఆ లెక్కలో ఏ మూలనుందో!

మనవాళ్లు తక్కువ తిన్నారనుకోకండి. మనకి సర్కారు మూతపడదు గానీ ఉద్యోగులు పని ఆపుతారు. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు. 2013లో సమైక్యాంధ్ర కోసం ఆగస్టు 12 అర్ధరాత్రి మొదలైన సమ్మె 66 రోజులు. అప్పుడు మా విజయవాడలో కరెంటు లేక, బస్సు లేక, విసనకర్రతో కూచుని మా అమ్మాయికి ఫోను చేస్తే “ఇక్కడా ఆఫీసులు మూసేశారమ్మా” అని నవ్వింది. అప్పట్లో అర్థం కాలేదు. చిత్రమేమిటంటే అమెరికా తాళం అక్టోబరు 17న తెరిచారు, మన ఎన్జీవోలు సమ్మె విరమించిందీ అక్టోబరు 17నే. తేడా ఒకటుంది. మన వాళ్లు ఓ కోరిక పెట్టుకుని వాళ్లంతట వాళ్లు బయటికొచ్చారు. అక్కడ గుమాస్తాని ఎవరూ ఏమీ అడగలేదు.

2025 అక్టోబరు 1న మళ్లీ తాళం. ఈసారి ఆరోగ్య బీమా సాయం గురించి. నవంబరు 12 దాకా, 43 రోజులు. అంతకుముందున్న వాటన్నిటికన్నా పొడుగు. నవంబరు మొదట్లో 4 కోట్ల పైచిలుకు బీదలకి తిండి సరుకుల కోసం ఇచ్చే సాయం వేళకి అందలేదు. ఎవరిది తప్పని అడుగుతూ టీవీలో రోజూ జనాభిప్రాయాల లెక్కలేనట. మా అల్లుడు మాత్రం ఈపాటికి సర్కారు పనులు పట్టని కంపెనీకి మారిపోయాడు.

ఫోనులో అన్నీ చెప్పింది మా అమ్మాయి. నేనడిగింది ఆ వీధి చివరావిడ గురించి.

“ఆవిడ ఆఫీసులు తుడవడం ఎప్పుడో మానేసిందమ్మా. ఎవరింట్లోనో పసిపిల్లల్ని చూసుకుంటోంది. శుక్రవారం శుక్రవారం చేతికి డబ్బిస్తారుట” అంది.